ఓరుగల్లు కోటలో తోరణాలు చివరికి చూడండి

మా ఇంటికొచ్చే చుట్టాలకు కోట చూపించే పని పన్నెండేళ్లుగా నాదే. మొదట్లో నేనూ అందరిలాగే ఆటోను నేరుగా కోట నడుమ ఉన్న రాతి తోరణాల దగ్గర ఆపించేదాన్ని. ఓ ఏప్రిల్ ఎండలో పావుగంట తిరిగి, నాలుగు ఫొటోలు దిగాక మా ఆడబిడ్డ అడిగింది: "అంతా బాగుంది గానీ, కోటేది వదినా?" నాకు జవాబు దొరకలేదు. ఆ రోజు నుంచి దారి మార్చాను. ఇప్పుడు బయటి గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి వస్తాను.

పొద్దున ఆరున్నరకల్లా వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "ఖిలా వరంగల్" అనండి. మట్టికోట దగ్గర ఆపాలని ముందే చెప్పండి, లేకపోతే ఆగడు. ఆపినా మీకు కోట కనబడదు. తుప్పలు పెరిగిన ఎత్తైన కట్ట ఒకటి ఉంటుంది, చెరువుకట్టేమో అనుకుంటారు. ఆ కట్టే గోడ. దాని చుట్టు వలయం అడ్డంగా దాదాపు 2.4 కిలోమీటర్లు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సేన ముందుగా తలపడింది ఈ మట్టితోనే. ఇది దాటాక కందకం, ఆ తర్వాతే రాతికోట.

రాతికోట గుమ్మం దగ్గర తప్పకుండా దిగి నడవండి. నాకైతే కోటంతటిలో ఇదే అసలు చోటు. తిన్నగా లోపలికి పోలేరు: ఒక మలుపు, మళ్లీ ఇంకో మలుపు. ఏనుగును పరుగెత్తించి తలుపు గుద్దిద్దామన్నా పరుగందుకునే జాగా ఉండదు. ఇప్పుడు ఆటోలూ బైకులూ ఆ మలుపుల్లోనే హారన్లు కొట్టుకుంటూ పోతాయి, కాబట్టి పిల్లల చెయ్యి వదలకండి. గోడ రాళ్ల మధ్య సున్నం ఉందేమో వెతకండి, కనబడదు. లోపలివైపు గోడ పొడుగునా మెట్లుంటాయి. శత్రువు ఎటు వచ్చినా సైనికులు అక్కడికక్కడే పైకెక్కడానికి. బురుజులు 45. గణపతిదేవుడు మొదలుపెట్టిన గోడను రుద్రమదేవి పూర్తి చేసిందంటారు.

లోపల తూర్పు కోట, పడమర కోట, మధ్యకోట అని ఊళ్లే ఉన్నాయి. జనం కాపురముంటున్నారు, పొలాలు చేసుకుంటున్నారు. ఇళ్ల ముందు ఫొటోలు తీసేముందు ఒక మాట అడగండి.

ఏకశిల గుట్ట ఎక్కి దిగాక అప్పుడు తోరణాల దగ్గరికి రండి. కూలిపోయిన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబడ్డ ద్వారాలవి. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఇదే తోరణం. కింద నిలబడి పైకి చూస్తే హంసలు, మకరాలు, తామర మొగ్గలు కనిపిస్తాయి. దేవుడి బొమ్మ లేదు కాబట్టే వీటిని కూల్చలేదని ఇక్కడివాళ్లు చెప్పే మాట. అక్కణ్ణుంచి నడిచే దూరంలోనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు, గోడలు లోపలికి వాలి ఉంటాయి. 1323లో కోట ఢిల్లీ వశమయ్యాక ఏం మారిందో ఆ కమానులు చూస్తే తెలుస్తుంది.

పదకొండున్నరకు ఎండ దంచుతుంది. సర్వపిండి దొరికితే తిని, ఇంటికో హోటల్‌కో పోయి పడుకోండి. సాయంత్రం హనుమకొండలో వేయిస్తంభాల గుడి చాలు. 1163లో రుద్రదేవుడు కట్టించింది, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ కలిపి.

రామప్పను అదే రోజు ఇరికించకండి. పాలంపేట ములుగు దారిలో 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, చూస్తూ చుట్టూ తిరగడానికే గంట పడుతుంది. చెప్పులు బయటే విడవాలి కాబట్టి సంచిలో మేజోళ్లు వేసుకోండి. మా ఆడబిడ్డ మిట్టమధ్యాహ్నం ఆ రాతి అరుగు మీద సగం దూరం గంతులేస్తూనే పోయింది.