గుంపుగా కయాక్ క్యాంపింగ్: ఎడారి నదిలో ఏది తేడా కొడితే ఎక్కడ వెతకాలి

అమెరికాలో అరిజోనా, నెవాడా, యూటా వైపు ఉండే మనవాళ్ళు ఈమధ్య తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలైన కయాక్‌లలో గుడారం, గిన్నెలు వేసుకుని మూడు నాలుగు రోజులు నది మీదే గడిపే ట్రిప్పుల మీద పడ్డారు. చాలా మంచి సంగతి. నేను అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాను, ఎనిమిది పది మందిని వెంటేసుకుని ఎక్కువగా రెండు చోట్లకి వెళ్తుంటాను. ఒకటి హూవర్ డ్యామ్ దిగువన కొలరాడో నది పారే బ్లాక్ కాన్యన్, రెండోది యూటాలో గ్రీన్ నది మీది లాబిరింత్ కాన్యన్. రెండు చోట్లా భయపెట్టే రాపిడ్స్ (రాళ్ళ మీద ఉరకలేసే నీళ్ళు) ఉండవు, నీళ్ళు నెమ్మదిగా పారతాయి, అందుకే తేలిక అనుకుని బయల్దేరతారు. తీరా రెండో రోజు మధ్యాహ్నానికి ఎవరో ఒకరి మొహం వాడిపోయి ఉంటుంది. ఆ కష్టానికి కారణం ఆ రోజు నది మీద వెతికితే దొరకదు, మూడు వారాల కిందట వాట్సాప్ గ్రూపులో "ఓకే, ఫైనల్" అనేసిన ఏదో ఒక మాటలో ఉంటుంది. మా ట్రిప్పుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చిన ఇబ్బందులు, వాటి మూలాలు, ఇప్పుడు మేం చేస్తున్న మార్పులు ఇవి.

"రోజుకి పదిహేను మైళ్ళే కదా అనుకున్నాం, చీకటి పడినా చేరలేదు"

లాబిరింత్‌లో గ్రీన్ రివర్ ఊరి నుంచి మినరల్ బాటమ్ రేవు దాకా 68 మైళ్ళు, మధ్యలో రూబీ రాంచ్ దగ్గర పడవలు దింపి మొదలుపెడితే 45. వసంతంలో నీళ్ళు బాగా ఉన్నప్పుడు నదే గంటకి రెండు మూడు మైళ్ళు మోసుకుపోతుంది కాబట్టి, గంటకి నాలుగు మైళ్ళ చొప్పున నాలుగు గంటల్లో పదిహేను మైళ్ళు అయిపోతాయని లెక్క వేస్తారు. ఈ లెక్క ఒంటరిగా వెళ్ళేవాడికి సరిపోతుందేమో గానీ గుంపుకి సరిపోదు. ఎనిమిది మంది లేచి, టీ తాగి, గుడారాలు మడిచి, సామానంతా కయాక్‌లలో కుక్కి నీళ్ళ మీదకి వచ్చేసరికి రెండున్నర గంటలు పడుతుంది, నేను ఇప్పటికి చాలాసార్లు గడియారం పెట్టి చూశాను. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. మధ్యాహ్నం అయ్యేసరికి లోయలో కింది నుంచి పైకి ఎదురుగాలి మొదలవుతుంది, అది గట్టిగా వీచిన రోజున తెడ్డు వేయడం ఆపితే పడవ వెనక్కే పోతుంది.

మేం ఇప్పుడు 45 మైళ్ళకి నాలుగు రోజులు పెట్టుకుంటాం, అంటే రోజుకి పదకొండు మైళ్ళు, దాన్ని కూడా ఒంటిగంట లోపే ముగించేలా చూస్తాం. తెల్లారక ముందే లేవడం ఒక్కటే గాలికి మందు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా వెళ్ళే మనిషి వేగమే ట్రిప్పు వేగం, అది ముందే తెలియాలంటే రెండు వారాల ముందు ఒక శనివారం ఫీనిక్స్ దగ్గరి సగువారో లేక్‌కి వెళ్ళి, పూర్తి సామాను వేసుకుని, అందరూ కలిసి ఐదు మైళ్ళు తెడ్డు వేసి చూడాలి. ఖాళీ కయాక్‌తో చేసే ప్రాక్టీసు లెక్కలోకి రాదు. అక్కడ వెనకబడినవాళ్ళని డబుల్ కయాక్‌లో బలమైనవాళ్ళతో జతచేయండి, మొహమాటపడకండి. నీళ్ళ మీద ముందు ఒక పడవ, చివర ఒక పడవ ఎవరివో పేర్లు చెప్పి మరీ తేల్చుకోవాలి, ముందు పడవని ఎవరూ దాటకూడదు, చివరి పడవ వెనక ఎవరూ ఉండకూడదు.

వేసవి చివర్లో వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, నీళ్ళు తగ్గి ఇసుక మేటలు పైకి తేలతాయి, దిగి పడవని లాక్కుంటూ పోవాల్సి వస్తుంది. వంపు తిరిగే చోట లోతు బయటి ఒడ్డు వైపు ఉంటుంది, దగ్గరి దారి కదా అని లోపలి వైపు కోసుకుపోతే మేట మీద కూర్చుంటారు. 1869లో ఈ నదులని పడవల మీద అన్వేషించిన జాన్ వెస్లీ పావెల్ దండు పేరు పెట్టిన బోనాట్ బెండ్ దగ్గర నది ఏడు మైళ్ళు చుట్టి తిరిగి దాదాపు బయల్దేరిన చోటికే వస్తుంది, ఆ రోజుకి ఓపిక కాస్త ఎక్కువ మిగుల్చుకోండి.

"రెండింటికి రమ్మన్నారు, రెండింటికే వచ్చాం, వ్యాన్ లేదు"

ఇది మాకే జరిగింది, ఫిబ్రవరిలో, బ్లాక్ కాన్యన్ ట్రిప్పు చివర్లో. డ్యామ్ దగ్గర ఒక ఒడ్డు నెవాడా, ఇంకో ఒడ్డు అరిజోనా. మనం బయటికి వచ్చే విల్లో బీచ్ అరిజోనా వైపు ఉంది. అరిజోనాలో ఏడాది పొడుగునా గడియారం మార్చరు, నెవాడాలో మారుస్తారు. దాంతో నవంబర్ నుంచి మార్చి దాకా రెండు ఒడ్లకీ గంట తేడా ఉంటుంది, మిగతా నెలల్లో ఒకటే టైము. మా బ్యాచ్‌లో లాస్ వేగస్ నుంచి వచ్చిన తమ్ముడు తన వాచీ చూసుకుని సమయానికే వచ్చామన్నాడు, వ్యాన్ అతను అరిజోనా టైము ప్రకారం వచ్చి చూసి వెళ్ళిపోయాడు. ఫోన్‌ని నమ్ముకుందామంటే లోయలో సిగ్నల్ ఉండదు, ఒకవేళ దొరికినా అది ఏ ఒడ్డు టవర్‌దో తెలియదు.

అందుకే ఏ టైము రాసినా పక్కన "అరిజోనా టైము" అని రాయండి, మీరు బుక్ చేసిన వ్యాన్ వాళ్ళతో ఆ మాట నోటితో కూడా అనిపించుకోండి. గుంపులో ఒకరి చేతికి మామూలు వాచీ ఉండాలి. ఫీనిక్స్ నుంచి యూటాకి వెళ్ళేవాళ్ళకి ఇదే సంగతి తిరగబడుతుంది, ఏప్రిల్‌లో అక్కడ మనకన్నా గంట ముందు ఉంటుంది.

పర్మిట్ మాట కూడా ఇక్కడే చెప్తాను. హూవర్ డ్యామ్ కింద దిగేది భద్రతా ప్రాంతం, సొంత కయాక్ ఉన్నా అనుమతి ఉన్న సంస్థల ద్వారానే దిగాలి, రోజుకి ఇన్ని పడవలే అని పరిమితి ఉంది. కాబట్టి ముందు తేదీ దొరకనివ్వండి, ఆ తర్వాతే జనాన్ని పోగుచేయండి. వీలైతే ఆది, సోమవారాలు కలిసొచ్చేలా చూసుకోండి, ఆ రెండు రోజులూ డ్యామ్ దిగువన నది మొదటి భాగంలో మోటారు పడవలని రానివ్వరు.

"పొద్దున లేచేసరికి రెండు కయాక్‌లు కనపడలేదు"

రాత్రి మూడింటికి గులకరాళ్ళ మీద ప్లాస్టిక్ గీసుకుంటున్న చప్పుడు, గర్... గర్... అని. ఎవరో లేచారేమో అనుకున్నాను. టార్చి వేసి చూస్తే పడుకునేటప్పుడు నీళ్ళకి పది అడుగుల దూరంలో వదిలిన పసుపు కయాక్ ముక్కు నీళ్ళలో ఊగుతోంది, దాని పక్కన ఉండాల్సిన నీలంది అప్పటికే వెళ్ళిపోయింది. వాన లేదు, వరద లేదు. డ్యామ్ వాళ్ళు కరెంటు అవసరాన్ని బట్టి నీళ్ళు వదులుతారు, తగ్గిస్తారు, నది మట్టం ఒక్క రాత్రిలోనే కొన్ని అడుగులు పెరగొచ్చు, పడిపోవచ్చు. మనం సాయంత్రం దిగేటప్పుడు చూసిన ఒడ్డు అసలు ఒడ్డు కాదు.

దిగగానే రాళ్ళ మీద తడి గీత, ఆకూ అలమూ పేరుకున్న గీత ఎక్కడి దాకా ఉందో చూడండి. దానికి బాగా పైకి కయాక్‌లు మోసి, బోర్లించి, అన్నిటినీ ఒకే తాడుకి గుచ్చి ఆ తాడుని పెద్ద బండకి కట్టండి. తెడ్లూ లైఫ్ జాకెట్లూ కూడా పైకే రావాలి. గుడారాలు కూడా ఆ గీతకి పైనే. మా నీలం కయాక్ మైలు దిగువన ఒక మలుపులో రాళ్ళకి ఆనుకుని దొరికింది, దొరక్కపోతే ఇద్దరు మనుషులకి పడవ లేదు, మేం దిగిన చోట లోయ గోడలు ఎక్కి బయటపడే దారీ లేదు.

"నీళ్ళు అయిపోతున్నాయి" లేదా "ఫిల్టర్ మూసుకుపోయింది"

మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు. ఎనిమిది మందికి నాలుగు రోజులకి 128 లీటర్లు, అంటే 128 కిలోలు. ఈ గుణకారం చాలామంది ఇంటి దగ్గర చేయరు, రేవులో చేస్తారు, అప్పుడు కయాక్‌లో చోటు ఉండదు. మరీ ఘోరం ఏంటంటే నీళ్ళన్నీ ఒకరిద్దరి పడవల్లోనే వేయడం, ఆ పడవ వెనకబడితే మిగతా అందరికీ నోరెండిపోతుంది. ఎవరి నీళ్ళు వాళ్ళ పడవలోనే ఉండాలి, అవీ ఒక్క పెద్ద డబ్బాలో కాకుండా నాలుగైదు సంచుల్లో. ఒకటి పగిలినా ఇంకోటి ఉంటుంది.

బ్లాక్ కాన్యన్ నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఫిల్టర్ చేసుకుని తాగొచ్చు. గ్రీన్ నది అలా కాదు, పేరే గ్రీన్, రంగు మాత్రం పాలెక్కువ పోసిన టీ. ఆ నీళ్ళు నేరుగా ఫిల్టర్‌లో పోస్తే లీటరు దిగకముందే ఒండ్రు పట్టి మూసుకుపోతుంది. దీనికి మందు మన ఇళ్ళలోనే ఉంది, పటిక! మా నాయనమ్మ వర్షాకాలంలో కాలవ నీళ్ళ బిందెలో పటిక ముక్కని రెండు చుట్లు తిప్పి మూత పెట్టేది, తెల్లారేసరికి అడుగున బురద, పైన తేట. ఇక్కడి నది మనుషులు కూడా అదే చేస్తారు. ఐదు గ్యాలన్ల బకెట్ నింపి, చెంచా లోపు పటిక పొడి వేసి, నిమిషం సేపు కలిపి వదిలేయండి. కాసేపటికి బురద తునకలు తునకలుగా ముద్దకట్టి కిందకి దిగడం కంటికి కనపడుతుంది. పై తేటని కదపకుండా మగ్గుతో తీసి, అప్పుడు ఫిల్టర్ చేయాలి లేదా మరగబెట్టాలి. పటిక బురదనే దించుతుంది, క్రిములని చంపదు, ఈ ముక్క గుంపులో అందరికీ చెప్పండి. చెంబు నీళ్ళు తేటగా కనపడగానే తాగేసేవాళ్ళు ఉంటారు.

"తలనొప్పి, వాంతి వస్తోంది, నీళ్ళు తాగుతూనే ఉన్నాను"

నీళ్ళు మాత్రమే తాగడమే కారణం కావచ్చు. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాకపోతే, ఎన్ని నీళ్ళు తాగితే అంత నీరసం. ఉప్పు, నిమ్మకాయ, పంచదార కలిపిన నీళ్ళు, మొదటి రోజు పులిహోర, తర్వాత రోజుల్లో ఆవకాయతో అన్నం, వేయించిన పల్లీలు, ఇవి చాలు. మనిషి తికమకగా మాట్లాడుతుంటే మాత్రం అది వడదెబ్బ కావచ్చు, వెంటనే నీడకి చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ సాయం కోసం కబురు పంపాలి. కబురు పంపాలంటే ఫోన్ సిగ్నల్ లేని చోటా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఉండాలి, గుంపుకి ఒకటన్నా లేకుండా బయల్దేరకండి. మే మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా బ్లాక్ కాన్యన్ వేడినీటి బుగ్గలకి వెళ్ళే కాలిబాటలనే ఎండ వల్ల మూసేస్తారు. ఆ నెలల్లో ట్రిప్పు పెట్టుకోకపోవడమే అసలు పరిష్కారం.

ఇంకో కారణం ఉంది, ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఆడవాళ్ళు చాలామంది బాత్రూమ్ ఇబ్బందికి భయపడి పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మా మూడో ట్రిప్పులో ఒక వదిన కళ్ళు తిరిగి కూలబడితే గానీ నాకీ సంగతి అర్థం కాలేదు, ఆవిడ సీసా సాయంత్రానికీ సగం పైనే నిండుగా ఉంది. లాబిరింత్‌లో పోర్టబుల్ టాయిలెట్ తీసుకెళ్ళడం ఎలాగూ తప్పనిసరి, మలం అంతా బయటికి మోసుకురావాలి. దాంతోపాటు చాటు కోసం నిలువు గుడారం ఒకటి కొనండి. రేవులో దిగగానే వంట కన్నా ముందు అది నిలబెట్టండి, మధ్యలో ఆగిన చోట కూడా. ట్రిప్పుకి ముందే గ్రూపులో స్పష్టంగా చెప్పండి, మూత్రం నదిలోనే అన్న ఆ లోయ పద్ధతితో సహా. ఒక్కసారి చెప్పేస్తే అందరికీ టెన్షన్ పోతుంది.

"బోల్తా పడ్డాను, ఊపిరి అందలేదు"

పైన నలభై డిగ్రీల ఎండ ఉన్నా హూవర్ డ్యామ్ కింద నీళ్ళు మామూలుగా 12, 13 డిగ్రీల దగ్గరే ఉంటాయి, డ్యామ్ వెనకున్న లేక్ మీడ్ జలాశయం లోతుల్లోంచి వస్తాయి కాబట్టి. విల్లో బీచ్ దగ్గర ట్రౌట్ చేపలని పెంచగలుగుతున్నది ఆ చల్లదనం వల్లే. పడిన మొదటి నిమిషంలో ఒళ్ళు జలదరించి ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత వచ్చినా చేతులు ఆడవు. లైఫ్ జాకెట్ ఒంటి మీద, బకిల్స్ పెట్టుకుని ఉండాలి, పడవ వెనక కట్టేసి కాదు. జీన్స్, కాటన్ వద్దు. పొడి బట్టలు ఒక జత విడిగా, నీళ్ళు దూరని సంచిలో. వేడినీటి బుగ్గల్లో దిగితే తల ముంచకండి, ముక్కులోకి నీళ్ళు పోనివ్వకండి, మెదడుకి ఎక్కే అమీబా ఉండొచ్చని పార్కు వాళ్ళే హెచ్చరిక పెట్టారు.

చిన్నవి, కానీ నిద్ర చెడగొట్టేవి

ఇసుకలో గుడారం మేకులు నిలవవు, సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పూడ్చిపెట్టండి. ఎలుకలు గుడ్డ సంచీ కొరికేస్తాయి, తిండి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో. పొద్దున చెప్పులు దులిపి వేసుకోండి, తేళ్ళు ఉంటాయి. లాబిరింత్‌లో మంట వేస్తే ఇనప పళ్ళెం మీదే వేసి బూడిద మోసుకురావాలి, గ్యాస్ స్టవ్వే నయం.

"వాన పడింది, బండి రావడం లేదు"

జులై నుంచి సెప్టెంబర్ దాకా ఎడారిలో వాన ఎక్కడో ముప్పై మైళ్ళ అవతల పడుతుంది, నీళ్ళు మాత్రం మీరు పడుకున్న ఎండిన వాగులోంచి వస్తాయి. వాగు నోట్లో ఎంత చదునుగా, నీడగా ఉన్నా గుడారం వేయకండి. మినరల్ బాటమ్‌కి కొండ మీది నుంచి దిగే మట్టి దారి వంపులు తిరిగి ఉంటుంది, తడిస్తే బండ్లు నడవవు. 2010 ఆగస్టు వానకి ఆ దారే కొట్టుకుపోయింది. కాబట్టి ఆ రేవులో ఒక రోజు అదనంగా ఇరుక్కుపోవచ్చని ముందే అనుకుని, ఒక పూట బియ్యం, ఉప్మా రవ్వ, మనిషికి ఒక గ్యాలన్ నీళ్ళు ముట్టుకోకుండా విడిగా దాచండి. సోమవారం పొద్దున మీటింగులు ఉన్నవాళ్ళు మంగళవారం కూడా సెలవు పెట్టి రావాలని బుకింగ్ రోజే చెప్పండి. కుదరదన్నవాళ్ళని ఈసారికి వద్దనండి.