ఆ ఫోన్ నువ్వే చెయ్యి తమ్ముడూ

మొన్న పొదిలి నుంచి వచ్చిన పిల్లోడు ఒకడు నాలుగు రోజులుగా పంటి నొప్పితో పడి ఉన్నాడని తెలిసింది. వెళ్లి చూస్తే దవడ వాచి ఉంది. డాక్టరుకు ఎందుకు ఫోన్ చేయలేదురా అంటే, "మీరు ఖాళీ అయ్యాక మాట్లాడతారని ఆగానన్నా" అన్నాడు. జర్మనీకి వచ్చి ఐదు నెలలైంది వాడు. గట్టిగానే తిట్టాను. అక్టోబరులో క్లాసులకు దిగబోయే మన నెల్లూరు, ప్రకాశం పిల్లలు కూడా ఇదే చేస్తారని తెలుసు కాబట్టి ఇది రాస్తున్నా.

ఇల్లు మారాక రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు చేయించుకోవాలనీ, ఆదివారం కొట్లు తియ్యరనీ అందరూ చెబుతారు. నా బాధ వేరే.

నాది కావలి. మొదటి ఏడు నెలలు నలుగురు తెలుగువాళ్లం ఒకే ఇంట్లో ఉన్నాం. అందులో తప్పేం లేదు. వంతులవారీగా వంట, ఇంటి ఆవకాయ, అద్దెలో కలిసొచ్చేది కూడా. కాకపోతే మాలో ఒక సీనియర్‌కు జర్మన్ వచ్చు. బ్యాంకైనా, ఇన్సూరెన్స్ అయినా, పైవాళ్లు చప్పుడు చేస్తున్నారని కింద పోర్షన్ ముసలావిడ గొడవకొచ్చినా మాట్లాడేది ఆయనే. మేం వెనక నిలబడి తలూపేవాళ్లం. డిసెంబరులో ఆయనకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే ఇంట్లో హీటింగ్ ఆగిపోయింది.

చెబితే నవ్వుతారు. ఆరు రోజులు రెండేసి స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకుని పడుకున్నాం. ముగ్గురం ఇంజనీర్లమే, ఒక్కడూ ఫోన్ తియ్యలేదు. ఆరో రోజు నేను కాగితం మీద తెలుగు అక్షరాల్లో "మైనే హైట్సుంగ్ ఇస్ట్ కపుట్", అంటే నా హీటింగ్ పాడైంది అని రాసుకుని, బాత్‌రూమ్ తలుపు వేసుకుని పదిసార్లు చదివి, బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన గడగడా ఏదో అన్నాడు. నాకు అందిన మాట ఒక్కటే, మోర్గెన్. దానికి పొద్దున అనీ, రేపు అనీ రెండర్థాలు. మర్నాడు పొద్దున్నే మనిషి వచ్చాడు. పావుగంటలో బాగుచేసి పోయాడు.

కాబట్టి చెప్పాల్సిన నాలుగు ముక్కలు ముందే రాసుకో. పేరు, పుట్టిన తేదీ, ఏమైంది, ఎప్పుడు రమ్మంటారు. పేరు దగ్గర జాగ్రత్త, మన ఇంటిపేర్లు వాళ్లకు నోరు తిరగవు, అక్షరం అక్షరం చెప్పమంటారు. 'ఏ'(A)ని వాళ్లు 'ఆ' అంటారు, 'ఈ'(E)ని 'ఏ' అంటారు, 'ఐ'(I)ని 'ఈ' అంటారు. నేను ఇంగ్లీషు అలవాటులో 'ఈ' అంటే అవతలావిడ 'ఐ' రాసుకుంది, ఆ కాగితం మార్పించడానికి మూడుసార్లు తిరిగాను. అర్థం కాకపోతే "బిట్టె లాంగ్‌జామ్", మెల్లగా చెప్పండి అను. రాత్రిళ్లు, సెలవుల్లో డాక్టరు కావాలంటే 116117. ప్రాణం మీదికొస్తే మాత్రం 112, అప్పుడు ఎవరు మాట్లాడినా పర్లేదు. మిగతా వాటికి ఫ్రెండ్‌ను పక్కన కూర్చోబెట్టుకో, ఫోన్ వాడి చేతికివ్వకు.

నెల్లూరు వాళ్లకు ఇంకో మాట. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, విదేశం వెళ్లాలన్న కోరికతో ముక్కూమొహం తెలియని మనిషిని "విదేశీ రొట్టె ఉందా అక్కా" అని అడిగిన వాళ్లే కదా మీరు? అప్పుడు రాని సిగ్గు ఇక్కడ కౌంటర్ ముందు ఎందుకొస్తుంది?

సరే, ఇంత తిట్టాక ఇది కూడా చెప్పాలి. రెండో ఫోన్ మొదటిదంత భయపెట్టదు. వచ్చీరాని జర్మన్‌లో మొదలుపెడితే చాలామంది నెమ్మదిస్తారు. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ. మన మండలాఫీసులో విసుక్కోలేదా? జర్మన్‌లో నామవాచకాల ముందు పెట్టే డేర్, డీ, దాస్ నేను ఇప్పటికీ తప్పుగానే వాడతాను, నా జీతం ఎవరూ ఆపలేదు.

పొదిలి పిల్లోడు మర్నాడు తనే ఫోన్ చేశాడు. పక్కన కూర్చుని నేను నోరు కట్టుకున్నాను, అది వాడి కంటే నాకే కష్టమైంది. ఆ రోజే రమ్మన్నారు, "హాల్బ్ డ్రై"కి. హాల్బ్ అంటే సగం, డ్రై అంటే మూడు కదా అని వాడు సంబరంగా మూడున్నర అని రాసుకున్నాడు. అది మూడుకు అరగంట ముందు, రెండున్నర అని మాత్రం, ఫోన్ పెట్టేశాక, నేనే చెప్పాను.