ఫోన్ మీదా తలుపు పిడి మీదా ఏముందో పెంచి చూద్దాం

ఫోన్ మురికా, తలుపు పిడి మురికా అని మా పిల్లలు వాదించుకుంటే తీర్పు పెట్రీ డిష్‌కే, అంటే కంటికి కనిపించని క్రిములను పెంచే మూత ఉన్న గుండ్రటి ప్లేటుకే వదిలేస్తాను.

న్యూట్రియెంట్ అగార్ (క్రిములకు తిండి దొరికే జెల్లీ) పోసి సిద్ధంగా ఉన్న ప్లేట్లే కొనండి, సగం టెన్షన్ తగ్గుతుంది. పేర్లు మూత మీద కాదు, అడుగున రాయండి. మూతలు తారుమారవుతాయి.

స్టెరైల్ స్వాబ్‌ను (క్రిములు లేని దూది పుల్లను), మరిగించి చల్లార్చిన నీళ్లలో తడిపి, పుల్లను తిప్పుతూ పిడిని రుద్దండి. మూత ఒక పక్క మాత్రమే ఎత్తి, అగార్ చిరగకుండా వంకర గీతలా రాసి మూసేయండి. ఫోన్‌కూ వేరే స్వాబ్‌తో, వేరే ప్లేటు మీద ఇలాగే చేయండి. ఇంకో ప్లేటు మీద ఉత్త తడి స్వాబ్ రాయండి. అందులోనూ ఏదైనా మొలిస్తే మిగతా ఫలితాలను నమ్మలేం. టాయిలెట్, పుండ్లు, ఉమ్మి జోలికి మాత్రం వెళ్లొద్దు.

మూతకు నాలుగు చోట్ల టేపు ముక్కలు చాలు. చుట్టూ బిగిస్తే ఆక్సిజన్ అక్కర్లేని రకాలకు మనమే చోటిచ్చినట్టు. మూతకు పట్టిన చెమ్మ అగార్ మీద కారకుండా ప్లేటును బోర్లించి, 25 డిగ్రీల దగ్గర ఉంచండి. 37 వద్దు. మన ఒంట్లో బతికే క్రిములకు నచ్చే వేడి అది.

రెండు మూడు రోజుల్లో చుక్కలు తేలతాయి. ఇప్పుడు చుట్టూ టేపు వేసి, ఆ తర్వాతే పిల్లల చేతికివ్వండి. మెరిసే పసుపు బొడిపెలు బ్యాక్టీరియా కావచ్చు, నూగులా ఉంటే బూజు. ఎక్కువ చుక్కలుంటే ఎక్కువ ప్రమాదమని కాదు. ఈ అగార్ నచ్చనివి అసలు మొలవవు కూడా.

పారేసే పని పెద్దలదే. గ్లవ్స్ తొడుక్కుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ప్లేటు మునిగాకే మూత జార్చి, రాత్రంతా వదిలేయండి.