గేమ్ కళేనా? అమ్మ చేత ఆడించి చూడండి

వీడియో గేమ్ కూడా కళేనని ఇంట్లో పెద్దవాళ్ళతో వాదనకి దిగకండి. నేను చాలా ఏళ్ళు దిగాను, ఒక్కసారీ నెగ్గలేదు. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. అమ్మ చిన్నప్పట్నుంచీ లేసు అల్లుతుంది. ఆ చేతిపని పక్కన నా గేమ్ పెట్టి రెండూ కళే అంటే మాటలతో ఎలా ఒప్పుకుంటుంది? ఆడనివ్వాలి.

ఏ గేమ్ పెడతామన్నదే అసలు సంగతి. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయని మొదట నేనొక తుపాకుల గేమ్ పెట్టాను. పది నిమిషాలకే "కళ్ళు తిరుగుతున్నాయిరా" అని లేచిపోయింది. బొమ్మల కోసమైతే సినిమా చాలు. చిన్నదీ, చేతికి తేలికైనదీ చూసుకోండి. నన్నడిగితే ‘పాసేజ్’ పెట్టమంటాను. జేసన్ రోరర్ 2007లో చేశాడు. డబ్బు కట్టక్కర్లేదు, బాణం గుర్తుల కీలు చాలు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

కథ ముందే చెప్పకండి. "వీటితో నడిపించు" అని పక్కన కూర్చోండి. ఎంత తడబడినా కీబోర్డు మీద మీ చెయ్యి పడకూడదు.

అమ్మ దారం ఉండ ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. తెర మీద సన్నటి పట్టీ, అందులో ఒక కుర్రాడు, కాస్త ముందర ఒక అమ్మాయి. ఆమెని తాకితే ఇక ఇద్దరూ కలిసే నడుస్తారు. కిందివైపు సందుల్లో పెట్టెలుంటాయి గానీ జంటగా వెళ్తే ఇరుకు సందుల్లో పట్టరు. అమ్మ రెండుసార్లు తోసి చూసి, వదిలేసి ముందుకు నడిపించింది. ఇద్దరి జుట్టూ నెరిసింది. ఉన్నట్టుండి ఆమె ఉన్న చోట సమాధి రాయి. అమ్మ కీ మీంచి వేలు తీసేసింది. ముసలాయన ఆ రాయి దగ్గరే నిలబడ్డాడు, తనూ రాయి అయ్యేదాకా.

అప్పుడు "బాగుందా?" అనకండి. బాగుందనేస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "ఎందుకు ఆగావు?" అనడగండి.

"నడిపించబుద్ధి కాలేదు," అంది. సినిమాలో అయితే మనం ఆగినా కథ ఆగదు. ఇక్కడ ఆయన్ని అక్కడ నిలబెట్టింది అమ్మ వేలే. నేను గేమ్‌ని కళ అనేది దీన్నిబట్టే. కాసేపాగి అమ్మే అంది: "సందు కావాలనే ఇరుగ్గా పెట్టాడు కదరా? లేసులో మేమూ కన్నం కావాలనే వదులుతాం."

సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో గేమ్‌లు ఎప్పటికీ కళ కాలేవని రాశాడు. ఆటలో గెలుపు ఉంటుందన్నది ఆయన చెప్పిన తేడాల్లో ఒకటి. పాసేజ్‌లో స్కోరు ఉంది, కానీ ఎంత స్కోరు చేసినా చివరికి ఆ రాయే. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా 2012లో మొదటి విడతగా తీసుకున్న 14 గేమ్‌లలో పాక్‌మాన్, టెట్రిస్‌లతో పాటు ఇదీ ఉంది. ఈ కబుర్లన్నీ ఆట అయ్యాకే చెప్పండి. ముందే మ్యూజియం పేరెత్తితే మొహమాటానికి ఒప్పుకుంటారు.

ఇంకోసారి ఆడటానికి కూడా టైం ఉంచుకోండి. మర్నాడు అమ్మే అడిగి పెట్టించుకుంది. ఈసారి ఆ అమ్మాయిని తాకకుండా పక్కనుంచి పోనిచ్చి, ఇరుకు సందులన్నీ తిరిగి, ఒక్కో పెట్టే తెరిచి చూసింది. కొన్నిట్లో ఏమీ లేదు.