ఉప్పు డబ్బాకు మూత పెట్టండి
పొయ్యి పక్కనే ఉప్పు డబ్బాను మూత లేకుండా ఉంచితే, ఆవిరి తగిలి ఉప్పు చెమ్మగిల్లడమే కాక, అందులో కలిపిన అయోడిన్ కూడా క్రమంగా తగ్గిపోతుంది. థైరాయిడ్ హార్మోన్ల తయారీకి పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరం. కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల ఈ రవ్వంత ఖనిజంపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఉప్పును బిగుతు మూత ఉన్న సీసాలో పొయ్యికి దూరంగా ఉంచి, పొడి చెంచాతోనే తీయండి. పప్పు, పులుసు వంటివాటిలో దించే ముందు ఉప్పు వేస్తే, మరిగేటప్పుడు జరిగే నష్టం కొంత తగ్గుతుంది. ఆరోగ్యానికి మంచిదని ఈమధ్య చాలామంది మొగ్గు చూపుతున్న సైంధవ లవణంలో గానీ, ఆవకాయకు వాడే రాళ్ల ఉప్పులో గానీ, ప్యాకెట్‌పై అయోడిన్ కలిపినట్లు రాసి ఉంటే తప్ప, అది దాదాపు ఉండదు. అయోడిన్ కోసమని ఉప్పు మాత్రం పెంచవద్దు; రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటకూడదు.