క్రైస్తవ సంఘంలో వ్యసన విముక్తి కూటం నడపదలచిన క్లినికల్ సైకాలజిస్టుకు

మొదట శరీర స్థితిని చూడండి. ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషి ఉన్నపళంగా మానేస్తే రెండు రోజుల్లోపే మూర్ఛలు, ఆపై మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు గనుక వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

1991లో కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ చర్చిలో మొదలైన సెలబ్రేట్ రికవరీ అనే క్రైస్తవ వ్యసన విముక్తి కార్యక్రమం, యేసు కొండమీది ప్రసంగంలోని ధన్యతల ఆధారంగా ఎనిమిది సూత్రాలను బోధిస్తుంది. అలాంటి బోధను అందరికీ కలిపి చెప్పి, మనసు విప్పే సమయాన్ని మాత్రం స్త్రీలకు, పురుషులకు వేర్వేరు చిన్న బృందాలలో ఉంచండి.

వ్యక్తిగత చికిత్సలో, తాగాలనిపించిన ఒక్క సాయంత్రాన్ని తీసుకొని, జీతం చేతికొచ్చిందా, ఇంట్లో మాట పెరిగిందా, ఏ దారిన నడిచారో రాయించండి. మరో దారి, ఫోన్ చేయదగిన మనిషి, చదువుకొనే కీర్తన ఆ కాగితం మీదే ఉండాలి. మళ్లీ తాగినవారిని విశ్వాసం చాలలేదని నిందించడం క్రూరం. చికిత్స గదిలో విన్నది అనుమతి లేనిదే పాస్టరుగారికైనా చెప్పకండి.