గుమాస్తాకు ఏఐ – నాలుగో పాఠం: మొత్తం అడగొద్దు, ఫార్ములా అడగండి

మూడో పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందిని ముంచింది. కొనుగోళ్ల రిజిస్టరునూ జీఎస్టీఆర్-2బీనీ (సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ మనకిచ్చే నెలవారీ పట్టిక) పక్కపక్కన పెట్టి తేడాలు తీయమంటే, ఎక్కువమంది రెండింటినీ కాపీ చేసి చాట్ పెట్టెలో గుమ్మరించి "తేడా ఎంత?" అని అడిగారు. ఏఐ ఠక్కున ఓ అంకె చెప్పింది. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో చూస్తే మరో అంకె. తప్పు కదా అంటే, క్షమాపణ చెప్పి మూడో అంకె ఇచ్చింది. దాంతో కొందరు "ఇది మనకు పనికిరాదు" అన్నారు, ఇంకొందరు "రేపో మాపో ఇదే సరిగ్గా చేసేస్తుంది, మన ఉద్యోగాలు పోయినట్టే" అన్నారు. రెండు మాటలూ ఒకే తప్పు ప్రశ్నలోంచి పుట్టాయి. ఈసారి సప్లయర్లకు రాసే మెయిళ్ల గురించి చెప్పాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరిపి ముందు ఈ ముడి విప్పుదాం.

2బీ ఎలా దించుకోవాలి, ట్యాలీ నుంచి ఎక్సెల్‌లోకి ఎలా తీయాలి అన్నవి మీకు తెలుసు. ప్రతి నెలా 14న 2బీ వస్తుంది, నెలవారీ దాఖలు చేసేవాళ్లు 20లోపు 3బీ (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) వేయాలి. మన పాఠమంతా ఆ మధ్యలో ఉన్న రోజుల గురించే.

అంకె ఎందుకు తప్పింది?

చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్, కోపైలట్ – పేరు ఏదైనా లోపల ఉన్నది భాషా నమూనా. రాసిన దాని తర్వాత ఏ ముక్క రావచ్చో అంచనా వేస్తూ రాసుకుంటూ పోవడమే దాని పని. 12,34,567 మనకు ఒకే సంఖ్య, దానికి కొన్ని ముక్కలు. రెండు చిన్న అంకెలైతే సరిగ్గానే కూడుతుంది. నాలుగొందల వరుసల కాలమ్ ఇచ్చి మొత్తం ఎంతంటే, మొత్తంలా కనిపించే సంఖ్య రాస్తుంది. వేల స్థానం దాకా సరిపోయి చివర పైసలు తేడా వస్తే అది ఇంకా ప్రమాదం. రౌండింగ్ అనుకుని వదిలేస్తాం.

రెండో కారణం, పొడుగాటి పట్టికలో మధ్య వరుసలను అది జారవిడుస్తుంది. ఒకే సప్లయర్ బిల్లులు వరసగా ఉంటే మరీ. జారవిడిచానని చెప్పదు. మూడోది తేదీలు. 05-04 అంటే మనకు ఏప్రిల్ 5, అది మే 4 అనుకోవచ్చు. రెండూ ఉన్న తేదీలే కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాదు, బిల్లు మాత్రం వేరే నెలలోకి వెళ్లిపోతుంది. నాలుగోది మనం చేసేదే. "సరిగ్గా చూడు, తప్పు" అని గద్దిస్తాం. గద్దిస్తే లెక్క మారదు, జవాబు మారుతుంది. సరైన అంకె చెప్పినప్పుడు "తప్పు" అని చూడండి, చాలాసార్లు ఒప్పేసుకుని ఇంకో అంకె ఇస్తుంది. నన్ను అన్నిటికంటే విసిగించేది ఈ గద్దింపే. అరగంట దాంతో వాదించి, అది ఒప్పుకున్న అంకెను 3బీలో వేసేవాళ్లున్నారు. అది ఒప్పుకోవడం రుజువు కాదు.

ఒక మినహాయింపు ఉంది. ఎక్సెల్ ఫైలు అప్‌లోడ్ చేస్తే కొన్ని ఏఐలు వెనకాల పైథాన్ ప్రోగ్రాం రాసి, దాన్ని నడిపి లెక్క చెబుతాయి. అప్పుడు కూడిక యంత్రం చేసిందే కాబట్టి నమ్మొచ్చు. కానీ అది నిజంగా ప్రోగ్రాం నడిపిందా లేదా అన్నది తెరపై చూసుకోవాలి, ఏ కాలమ్‌ను కూడిందో కూడా చూడాలి. నేను మాత్రం ఆ దారి ఎంచుకోను. రాత్రి తొమ్మిదికి ఆడిటర్ ఫోన్ చేసి "ఈ అంకె ఎక్కడిది?" అంటే చూపించడానికి నా షీట్‌లోనే ఫార్ములా ఉండాలి.

అందుకని ఏఐ చేత లెక్క చేయించకండి, లెక్క చేసే ఫార్ములా రాయించండి. కూడేది ఎక్సెల్.

ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు

ఫార్ములా రాయించడానికి అసలు డేటా అక్కర్లేదు. షీటుకు అయిదేసి నమూనా వరుసలు చాలు, అవీ కల్పించినవే. జీఎస్టీఐఎన్‌లో (జీఎస్టీ నమోదు నంబరు) 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్ (తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37), తర్వాతి పది పాన్. సొంత పేరుతో షాపు నడుపుకునే చిన్న సప్లయర్ జీఎస్టీఐఎన్‌ను బయటి చాట్‌లో పోశామంటే ఆయన సొంత పాన్‌ను పోసినట్టే. కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో తన సిబ్బందిని ఆఫీసు పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని ఆదేశించింది కూడా. మీ ఆఫీసులో అనుమతి ఉందో లేదో కనుక్కున్నాకే మొదలుపెట్టండి.

కల్పించిన వరుసలు మరీ శుభ్రంగా ఉండకూడదు. అసలు డేటాలో ఉన్న రోగాలన్నీ అందులోనూ ఉండాలి: ముందు సున్నాలున్న నంబరు, మధ్యలో ఖాళీ, ఒకచోట గీత ఒకచోట స్లాష్, చిన్న అక్షరాలు, జీఎస్టీఐఎన్ 14వ స్థానంలో జెడ్ బదులు 2 కొట్టిన వరుస.

అడిగే తీరు ఇలా:

"నాది ఎక్సెల్ 2019. బుక్స్, 2బీ అని రెండు షీట్లున్నాయి. రెండింటిలోనూ ఎ కాలమ్‌లో జీఎస్టీఐఎన్, బిలో బిల్లు నంబరు, సిలో తేదీ, డిలో పన్నుకు ముందు విలువ, ఇలో మొత్తం పన్ను. నమూనా వరుసలు కింద ఉన్నాయి. లెక్క నువ్వు చేయొద్దు. జీఎస్టీఐఎన్, బిల్లు నంబరు కలిపి ఒక కీ తయారుచేసే ఫార్ములా ఇవ్వు. అందులో మామూలు ఖాళీలు, 160 కోడ్ ఖాళీలు రెండూ పోవాలి, అక్షరాలన్నీ పెద్దవి కావాలి. స్లాష్, గీత, సున్నాలు ముట్టుకోవద్దు. తర్వాత ఆ కీ రెండో షీట్‌లో ఎన్నిసార్లు ఉందో లెక్కించే ఫార్ములా, పన్ను తేడా రూపాయి లోపైతే సరిపోయింది అని చూపే ఫార్ములా వేర్వేరు కాలమ్‌లలో ఇవ్వు."

వెర్షన్ చెప్పకపోతే ఎక్స్‌లుకప్ అనే వెతికే ఫార్ములా ఇస్తుంది. 2019లో అది లేదు, సెల్‌లో 'నేమ్' ఎర్రర్ వస్తుంది. 160 కోడ్ సంగతి చెప్పకపోతే మామూలు ఖాళీలు తీసే ట్రిమ్ ఒక్కటి పెట్టి ఊరుకుంటుంది. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే ఆ ఖాళీని ట్రిమ్ తీయలేదు. కంటికి రెండు నంబర్లూ ఒకటే, ఎక్సెల్‌కు వేరు. ఫార్ములా అంతా ఒకే సెల్‌లో కుక్కి ఇస్తే ఒప్పుకోకండి. ఎక్కడ తెగిందో దొరకదు.

స్లాష్ ముట్టుకోవద్దని ఎందుకన్నాను? ఊరికే వదిలేస్తే ఏఐ ఉత్సాహంగా స్లాష్‌లు, గీతలు అన్నీ తీసి "శుభ్రం" చేస్తుంది. అప్పుడు ఒకే సప్లయర్ ఇచ్చిన 1/12, 11/2 బిల్లులు రెండూ 112 అవుతాయి. లుకప్ మొదట దొరికిన దాన్నే రెండింటికీ తెస్తుంది. పన్ను కూడా సమానమైతే రెండూ సరిపోయినట్టు చూపిస్తుంది, ఒకటి 2బీలో లేకపోయినా. జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు, అందులో అక్షరాలు, అంకెలు, గీత, స్లాష్ వాడుకోవచ్చు. అంటే ఆ గీత కూడా నంబరులో భాగమే.

మరి సప్లయర్ 0045/25-26 అని పెట్టి, మనవాళ్లు ట్యాలీలో 45 అని కొట్టుకుంటే? దానికి రెండో విడత. మొదటి జల్లెడ సన్నగా, పైన చెప్పిన కీతో. మిగిలిపోయిన వరుసల్ని మాత్రమే వేరే షీట్‌లోకి తీసి, జీఎస్టీఐఎన్‌తోపాటు రూపాయిలకు సవరించిన పన్ను మీద జత కుదర్చండి. ఈ విడతలో జత కుదిరినవి కంటితో చూశాకే ఒప్పుకోవాలి. నెలనెలా ఒకే అద్దె బిల్లు ఇచ్చే సప్లయర్ ఉంటే ఇక్కడ కచ్చితంగా మోసపోతారు. జూన్ అద్దె జులైకి అతుక్కుంటుంది.

ఇంకో సంగతి. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ 0045ను 45 చేస్తుంది, 3-12ను తేదీ చేస్తుంది. తేదీ అయ్యాక మళ్లీ టెక్స్ట్ చేస్తే అయిదంకెల సంఖ్య మిగులుతుంది తప్ప పాత నంబరు రాదు. బిల్లు నంబరు కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేసి తెచ్చుకోండి.

సరిచూసుకోవడం

ఏఐతో సంబంధం లేకుండా రెండు కూడికలు చేయాలి. బుక్స్ వైపు: సరిపోయినవి, జత కుదిరినా పన్ను తేడా ఉన్నవి, బుక్స్‌లోనే ఉన్నవి కలిపితే ట్యాలీ చూపే మొత్తం పన్ను పైసలతో సహా రావాలి. 2బీ వైపు కూడా అంతే. రూపాయి దాకా తేడా ఒప్పుకున్నాం కాబట్టి సరిపోయిన వరుసల మొత్తం రెండు వైపులా ఒకటే రాదు, ఎవరి వైపుది వాళ్లకే కూడుకోవాలి. క్రెడిట్ నోట్లు (బిల్లు మొత్తం తగ్గిస్తూ సప్లయర్ ఇచ్చేవి) 2బీలో వేరే షీట్‌లో, మైనస్ గుర్తు లేకుండా ఉంటాయి. వాటిని తీసివేయకుండా కలిపితే ఆ మొత్తానికి రెట్టింపు తేడా వస్తుంది. తేడాను రెండుతో భాగిస్తే ఏదో క్రెడిట్ నోటు మొత్తం కనిపించిందా, దొంగ దొరికినట్టే.

చట్టం అడిగితే

"2బీలో లేని బిల్లుకు క్రెడిట్ తీసుకోవచ్చా?" అని అడగండి (క్రెడిట్ అంటే కొనుగోలు మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవడం). అయిదు శాతం దాకా అదనంగా తీసుకోవచ్చని ఏ ఏఐ అయినా చెబితే ఆశ్చర్యపోకండి. జీఎస్టీ 36(4) నిబంధనలో 2019 అక్టోబరులో 20 శాతం, 2020 జనవరి నుంచి 10, 2021 జనవరి నుంచి 5 శాతం వెసులుబాటు ఉండేది. 2022 జనవరి 1 నుంచి అదీ లేదు. పాత వ్యాసాలు ఇంటర్నెట్‌లో అలాగే ఉన్నాయి, ఏఐ చదివింది వాటినే. రేట్లూ అంతే. 2025 సెప్టెంబరు 22న చాలా సరుకులకు 12, 28 శాతం రేట్లు పోయాయి, అది తెలియని జవాబు ఇప్పటికీ వస్తుంది. ఏఐని సెక్షన్ నంబరు అడగండి, ఆ సెక్షన్‌ను మాత్రం ప్రభుత్వ సైట్‌లో మీరే చదవండి.

ఇక ఉద్యోగం మాట

ఫార్ములా పనిచేసింది, నాలుగొందల వరుసల్లో ముప్ఫై మిగిలాయనుకోండి. ఆ ముప్ఫై దగ్గరే మీ జీతం మొదలవుతుంది. ఒక సప్లయర్ మూడు నెలలకోసారి దాఖలు చేసేవాడు, మొదటి రెండు నెలల బిల్లుల్ని తర్వాతి నెల 13లోపు ఐఎఫ్ఎఫ్‌లో (అలాంటివాళ్లు బిల్లులు ముందే ఎక్కించే పోర్టల్ సదుపాయం) పెట్టలేదు. అతని బిల్లు త్రైమాసికం చివరి 2బీలో వస్తుంది, ఆగొచ్చు. ఇంకొకడు రిటర్నులే వేయడం మానేశాడు, మిగతా పేమెంటు ఆపమని యజమానికి చెప్పాలి. మూడో బిల్లు హైదరాబాద్ బ్రాంచిది, సప్లయర్ విజయవాడ నంబరు మీద ఎక్కించాడు. అక్కడి 2బీ తెరిచి చూస్తే ఉంటుంది, సవరణ వేయమని ఫోన్ చేయాలి.

సరిపోయినట్టు చూపించిన వరుసల్లోనూ మీ పని ఉంది. యజమాని ఇంటికి వెళ్లిన ఫ్రిజ్ బిల్లు కంపెనీ పేరున 2బీలో చక్కగా ఉంటుంది, ఫార్ములా పచ్చజెండా ఊపుతుంది. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) కింద ఆ క్రెడిట్ రాదు. ఫ్రిజ్ ఎక్కడికి వెళ్లిందో ఏ షీట్‌లోనూ లేదు, మీకు తెలుసు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఆ బిల్లు మీద ఉన్న పేచీ ఏమిటో గోడౌన్‌లో అడిగితేనే తెలుస్తుంది.

ఉద్యోగమంటే బిల్లు చూసి ఎంట్రీ కొట్టడమే అయితే మాత్రం భయం అబద్ధం కాదు. అది ఏఐతో మొదలవలేదు. 2023 ఆగస్టు 1 నుంచి అయిదు కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి, 2024 అక్టోబరు నుంచి పోర్టల్‌లో బిల్లులను ఒప్పుకోవడమో తిరస్కరించడమో చేసే ఐఎంఎస్ వచ్చింది. బిల్లు డేటాగానే చేతికొస్తోంది, కొట్టాల్సిన ఎంట్రీలు తగ్గుతున్నాయి. చిట్టా, ఆవర్జా చేత్తో రాసే పని ట్యాలీతో పోయినట్టే ఇదీ పోతుంది. ఎంట్రీ మీద గడిచే గంటల్ని ఇప్పటినుంచే ఆ ముప్ఫై వరుసల మీదికి మార్చుకోండి. తేడాల పట్టికను సంతకంతో ప్రతి నెలా 16కల్లా యజమాని బల్ల మీద పెట్టండి. అడగలేదు కదా అని ఆగొద్దు.

అభ్యాసం

ఇది కష్టమైనదే, ఒక ఆదివారం పోతుంది. రెండు షీట్లలో అరవై అరవై వరుసలు కల్పించండి. అందులో పన్నెండు తప్పులు మీరే దాచండి: 1/12, 11/2 జత ఒకటి, 160 కోడ్ ఖాళీలు రెండు, తేదీగా మారిన నంబరు ఒకటి, ఒకే మొత్తం ఉన్న అద్దె బిల్లులు మూడు నెలలవి, క్రెడిట్ నోటు ఒకటి, మిగతావి మీ ఆఫీసులో తరచూ వచ్చేవి. ఏ తప్పు ఏ వరుసలో ఉందో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏఐ ఇచ్చిన ఫార్ములాలతో నడపండి. పట్టుకోనివి ఎన్నో, తప్పుగా పట్టుకున్నవి ఎన్నో విడిగా లెక్కించండి. రెండు కూడికలూ పైసలతో కలిసేదాకా అసలు డేటా జోలికి వెళ్లొద్దు.

తప్పులున్న ఆ ఫైలును చెరిపేయకండి. వచ్చే పాఠంలో అందులో మిగిలిన వరుసలకే సప్లయర్ల మెయిళ్లు రాస్తాం.